ఆసుపత్రి మైక్రోబయాలజిస్టులకు బాక్టీరియా జీనోమిక్స్ నేర్పడం: ఎక్కడ మొదలుపెట్టాలి?

హిందూపురం నుంచి వచ్చి బెంగళూరులో ఒక ఆసుపత్రి మైక్రోబయాలజీ విభాగం బాధ్యత చూస్తున్న డాక్టరు గారు అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది. వారి దగ్గర నలుగురు ఎం.ఎస్సీ. మైక్రోబయాలజిస్టులు ఉన్నారు. కార్బాపెనెమ్ అనే బలమైన యాంటీబయాటిక్ మందులకు లొంగని క్లెబ్సియెల్లా బాక్టీరియా ఐసీయూలో తరచుగా కనిపిస్తోంది. బాక్టీరియా డీఎన్ఏ అక్షరాల వరసను చదివే సీక్వెన్సింగ్‌కు కొంత డబ్బు ఇవ్వడానికి యాజమాన్యం ఒప్పుకుంది. ఈ నలుగురినీ అయిదు రోజుల వర్క్‌షాపుకు పంపితే సరిపోతుందా, లేక ఆ డేటాను కంప్యూటర్‌తో విశ్లేషించే ఒక బయోఇన్ఫర్మాటిక్స్ నిపుణుణ్ణి ఉద్యోగంలోకి తీసుకోవాలా, వీళ్లు ప్రోగ్రామింగ్ నేర్చుకోక తప్పదా అని అడిగారు.

డాక్టరు గారూ, ముందు సూటిగా జవాబు చెబుతాను. మీ మైక్రోబయాలజిస్టులకే నేర్పించండి. వాళ్లు తమ చేతులతో పెంచిన ఐసొలేట్ల (రోగి నమూనా నుంచి వేరుచేసిన బాక్టీరియా) మీదే నేర్పించండి. ఆరు నుంచి తొమ్మిది నెలల సమయం ఇవ్వండి. వర్క్‌షాపు పరిచయానికి పనికొస్తుంది, అంతకు మించి కాదు. ప్రోగ్రామింగ్ రాకపోయినా ఫరవాలేదు, కమాండ్ లైన్ (ఆదేశాలు టైపు చేసి కంప్యూటర్‌తో పనిచేయించడం) మాత్రం రావాలి. బయోఇన్ఫర్మాటిక్స్ నిపుణుడి అవసరం ఉంటుంది, అయితే ఆ నిపుణుడు మీ ల్యాబులోనే కూర్చోవలసిన పని లేదు. నేను బెంగళూరులో ఒక రిఫరెన్స్ ల్యాబులో పధ్నాలుగేళ్లుగా పనిచేస్తున్నాను, గత ఏడేళ్లుగా కొత్తవాళ్లకు ఈ పనే నేర్పుతున్నాను. ఇకపై చెప్పేదంతా ఆ అనుభవంలోంచి వచ్చింది.

వర్క్‌షాపు ఎందుకు చాలదో ముందు చెబుతాను. అక్కడ ఇచ్చే డేటా వడ్డించిన విస్తరి లాంటిది. అందులో కల్తీ ఉండదు, సగంలో తెగిపోయిన రన్ (సీక్వెన్సింగ్ యంత్రం నడిచే ఒక విడత) ఉండదు, పేర్లు తారుమారైన శాంపిళ్లు ఉండవు. పైగా విదేశాల్లో తయారైన శిక్షణ సామగ్రిలో ఎక్కువ భాగం కార్బాపెనెమ్ మందును నాశనం చేసే కేపీసీ ఎంజైమ్ చుట్టూ, దాన్ని మోసే క్లెబ్సియెల్లా ఎస్‌టీ-258 (ఎస్‌టీ అంటే సీక్వెన్స్ టైప్, వంశాన్ని సూచించే నంబరు) చుట్టూ తిరుగుతుంది, ఎందుకంటే అమెరికాలోనూ ఐరోపాలో చాలా చోట్లా సమస్య అదే. మన ఆసుపత్రుల్లో కేపీసీ అరుదు. ఇక్కడ పీడిస్తున్నవి ఎన్‌డీఎం, ఆక్సా-48 ఎంజైమ్ కుటుంబాలు, ముఖ్యంగా ఎన్‌డీఎం-5, ఆక్సా-232. వాటిని మోసుకు తిరిగేవి ఎస్‌టీ-231, ఎస్‌టీ-147 వంటి వంశాలు. అయిదు రోజులు ఎస్‌టీ-258 వంశవృక్షాలు గీసి వచ్చిన మనిషికి, సోమవారం ఉదయం మీ ఐసీయూ నుంచి వచ్చిన రక్తం కల్చర్ ఎదురైనప్పుడు ఏం చేయాలో తోచదు.

ఇక బాక్టీరియాను పెంచే మనిషికే ఈ పని ఎందుకు నేర్పాలంటే, తప్పు ఎక్కడ జరిగిందో కనిపెట్టగలిగేది ఆ మనిషే. నాలుగేళ్ల కిందట చిత్తూరు జిల్లా నుంచి వచ్చిన ఒక అమ్మాయి మా దగ్గర శిక్షణలో మూడో నెలలో ఉంది. ఆమె వేసిన ఒక క్లెబ్సియెల్లా అసెంబ్లీ (ముక్కలుగా చదివిన డీఎన్ఏను కంప్యూటర్‌లో తిరిగి అతికించినది) మొత్తం పొడవు కోటి అక్షరాలు దాటింది. క్లెబ్సియెల్లా న్యుమోనియే జీనోమ్ సుమారు 55 లక్షల అక్షరాలు ఉంటుంది. ప్లాస్మిడ్లు (క్రోమోజోముకు బయట ఉండే డీఎన్ఏ వలయాలు) ఎన్ని ఉన్నా అది రెట్టింపు కాదు. సాఫ్ట్‌వేర్ మాత్రం ఎక్కడా ఆగలేదు, ఎర్ర గుర్తూ చూపించలేదు, ఇరవై ఎనిమిది నిరోధక జన్యువుల జాబితాను చక్కగా ముద్రించి ఇచ్చింది. ఆ జాబితాను ఉన్నది ఉన్నట్టుగా రిపోర్టులో పెట్టి ఉంటే, భయంకరమైన కొత్త రకం ఒకటి పుట్టిందని అందరం హడావిడి పడేవాళ్లం.

ఆ అమ్మాయి కాంటిగ్‌లను (అసెంబ్లీలో అతికిన ముక్కలను) జీసీ శాతం, అంటే డీఎన్ఏలో జి, సి అక్షరాల వాటా ప్రకారం విడదీసి చూసింది. ఒక గుంపు 57 దగ్గర, మరో గుంపు 51 దగ్గర నిలిచాయి. మొదటిది క్లెబ్సియెల్లా లెక్క, రెండోది ఇ.కోలై లెక్క. అంతటితో ఆగకుండా ఆమె మైనస్ 80 ఫ్రీజర్‌లోంచి అదే గ్లిసరాల్ వయల్ తీసి మెకాంకీ ప్లేటు మీద స్ట్రీక్ చేసింది. మర్నాడు ఉదయం ప్లేటును వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుని నాకు చూపించింది. లూపుతో తాకితే తీగలా సాగే, ఉబ్బుగా ఉన్న గులాబీ రంగు కాలనీలు కొన్ని, వాటి సందుల్లో చదునుగా, పొడిగా, ముదురు గులాబీ రంగులో మరికొన్ని. మొదటి ప్లేటులో కాలనీలు కిక్కిరిసిన చోట లూపు పెట్టి తీసుకోవడం వల్ల జరిగిన పొరపాటు అది. జీసీ శాతం చూడడం ఎవరికైనా నేర్పవచ్చు. ప్లేటు చూసి రెండు రకాలున్నాయని గుర్తుపట్టడానికి మాత్రం వేల ప్లేట్లు చూసిన కన్ను కావాలి, ఆ కన్ను మీ నలుగురికీ ఇప్పటికే ఉంది. అప్పటి నుంచి మా దగ్గర నియమం ఒకటే: ఒంటరి కాలనీని రెండుసార్లు సబ్‌కల్చర్ చేయాలి, డీఎన్ఏ తీసిన బ్రాత్ నుంచే ఒక ప్యూరిటీ ప్లేటు వేసి దాని ఫొటో ఉంచుకోవాలి.

అందుకే మొదటి రెండు నెలలూ నేను ఎవరినీ కంప్యూటర్ దగ్గరకు పంపను. డీఎన్ఏ తీయడం మీదే ఆ కాలమంతా గడుస్తుంది. డీఎన్ఏ శుద్ధతను, పరిమాణాన్ని కొలిచే నానోడ్రాప్‌లో 260/280 నిష్పత్తి 1.8 వచ్చిందని సంతోషించే కొత్తవాళ్లు, అదే శాంపిల్ క్యూబిట్‌లో కొలిస్తే నాలుగో వంతు కూడా లేకపోవడం చూసి ఆశ్చర్యపోతారు. నానోడ్రాప్ ఆర్ఎన్ఏను, తెగిన న్యూక్లియోటైడ్లను కూడా కలిపి లెక్కిస్తుంది. క్యూబిట్ రెండు పోగుల డీఎన్ఏకు అంటుకునే రంగును మాత్రమే కొలుస్తుంది. లైబ్రరీ తయారీకి (డీఎన్ఏను సీక్వెన్సర్‌కు సిద్ధం చేయడానికి) నమ్మవలసింది రెండోదాన్నే. స్టెఫైలోకాకస్ ఆరియస్ గోడ లైసోజైమ్‌తో పగలదు, దానికి లైసోస్టాఫిన్ కావాలి. నానోపోర్ సీక్వెన్సర్‌లో పొడవైన రీడ్లు (ఒక్కసారిగా చదివిన డీఎన్ఏ ముక్కలు) కావాలంటే డీఎన్ఏను వోర్టెక్స్ చేయకూడదు, వెడల్పు మూతి ఉన్న టిప్పుతో నెమ్మదిగా లాగాలి. ఇవన్నీ చేతికి అలవాటు కావలసిన విషయాలు, స్లైడ్లు చూసి నేర్చుకునేవి కావు.

మూడో నెలలో లెక్కలు మొదలుపెడతాను. ప్రతివారూ ఒకసారి కాగితం మీద చేయవలసిన లెక్క ఇది: క్లెబ్సియెల్లా జీనోమ్ 55 లక్షల అక్షరాలు, ప్రతి అక్షరాన్నీ సగటున 50 సార్లు చదవాలంటే 27.5 కోట్ల అక్షరాలు కావాలి. ఒక్కో జత రీడ్లలో 150 చొప్పున 300 అక్షరాలు ఉంటే, సుమారు 9.2 లక్షల జతలు కావాలి. ఈ లెక్క వచ్చినవారికి ఒక రన్‌లో ఎన్ని శాంపిళ్లు పెట్టవచ్చో, డబ్బు ఎక్కడ వృథా అవుతోందో తెలిసిపోతుంది. క్యూ-30 అంటే వెయ్యి అక్షరాలకు ఒక తప్పుకు అవకాశం ఉందని అర్థం. ఇది కూడా నోటికి వచ్చేంతగా తెలియాలి, ఎందుకంటే సర్వీసు సంస్థలు పంపే నాణ్యత పట్టికలో మొదట కనిపించేది అదే.

కమాండ్ లైన్ గురించి ఎక్కువ చెప్పను, ఎందుకంటే అందరూ భయపడేది దీనికే, అందరూ తొందరగా నేర్చుకునేదీ ఇదే. ఫోల్డర్లు మారడం, ఫైళ్లు వెతకడం, లాగ్ ఫైలు చదవడం, ఒకే పనిని యాభై శాంపిళ్ల మీద వరసగా నడిపించడం వంటి పాతిక ముప్పై ఆదేశాలు వస్తే చాలు. ఫాస్ట్‌క్యూసీతో నాణ్యత, క్రాకెన్‌తో జాతి నిర్ధారణ, స్పేడ్స్‌తో అసెంబ్లీ, క్వాస్ట్‌తో దాని తనిఖీ, ఎఎంఆర్‌ఫైండర్‌ప్లస్‌తో నిరోధక జన్యువులు, క్లెబ్సియెల్లాకు క్లెబోరేట్, ఈ వరస ఒకసారి చేతితో నడిపించాక, దాన్ని తనంతట తానే నడిపే నెక్స్ట్‌ఫ్లో పైప్‌లైన్‌కు మారవచ్చు. పాథోజెన్‌వాచ్ లాంటి వెబ్ సాధనాలతో మొదలుపెట్టడంలోనూ తప్పు లేదు. ఒక్కటి మాత్రం పట్టుబట్టి చేయించండి: ప్రతి రిపోర్టులోనూ సాధనం వెర్షన్, డేటాబేస్ తేదీ రాయించండి. డేటాబేస్ మారితే అదే జీనోమ్‌కు జవాబు మారవచ్చు.

అసలు కష్టం ఆ తరవాత, జన్యువుల జాబితాను చదవడంలో ఉంది. శిక్షణలో సగం సమయం దీనికే ఇవ్వండి.

జాబితాలో ఎన్‌డీఎం ఉందా, ఆక్సా-232 మాత్రమే ఉందా అన్న తేడా వైద్యుడికి చాలా ముఖ్యం. సెఫ్టాజిడిమ్-అవిబాక్టామ్ అనే మందు ఆక్సా-48 కుటుంబం మీద పనిచేస్తుంది, జింక్ మీద ఆధారపడే ఎన్‌డీఎం మీద పనిచేయదు. ఎన్‌డీఎం ఉన్నప్పుడు దానికి అజ్‌ట్రియోనామ్ జోడించడం ఒక మార్గం. సెన్సిటివిటీ (ఏ మందుకు లొంగుతుందో చూసే) ప్లేటు మీద రెండూ మెరోపెనెమ్‌కు లొంగనివిగానే కనిపిస్తాయి. ఇక్కడ జన్యువు పేరు మందు ఎంపికను మారుస్తుంది కాబట్టి, మీ బృందానికి దీన్ని మొదటి పాఠంగా పెట్టండి. అయితే వెంటనే రెండో పాఠం కూడా చెప్పాలి. మన దేశంలోని ఎన్‌డీఎం-5 ఇ.కోలైలో కొన్నింటికి అజ్‌ట్రియోనామ్ అంటుకునే పీబీపీ-3 ప్రొటీనులో నాలుగు అమైనో ఆమ్లాలు అదనంగా చేరి ఉంటాయి, అలాంటి చోట అజ్‌ట్రియోనామ్-అవిబాక్టామ్ ప్రభావం తగ్గుతుంది. జన్యువు పేరు మాత్రమే చూసి ధీమాగా సలహా చెబితే పొరబడేది ఇలాంటి సందర్భాల్లోనే.

చివరి ఆయుధంగా వాడే కొలిస్టిన్ మందు ఇంకా మంచి ఉదాహరణ. 2015లో చైనా నుంచి కొలిస్టిన్ నిరోధకతనిచ్చే ఎంసీఆర్-1 జన్యువు వార్త వచ్చినప్పటి నుంచి కొత్తవాళ్లందరూ ఆ జన్యువు కోసమే వెతుకుతారు. క్లెబ్సియెల్లాలో కొలిస్టిన్ నిరోధకతకు ఎక్కువగా కారణమయ్యేది బయటి నుంచి వచ్చిన జన్యువు కాదు; క్రోమోజోములోనే ఉన్న ఎంజీఆర్‌బీ అనే చిన్న జన్యువు పాడైపోవడం. చాలాసార్లు ఒక ఇన్సర్షన్ సీక్వెన్స్ (చోటు మారే చిన్న డీఎన్ఏ ముక్క) వచ్చి దాని మధ్యలో దూరి దాన్ని రెండు ముక్కలు చేస్తుంది. కొత్తగా చేరిన జన్యువులను మాత్రమే వెతికే సాధనానికి ఇది కనిపించదు. కొత్తగా వచ్చిన వస్తువును వెతకడం వేరు, విరిగిన వస్తువును గుర్తించడం వేరు. మా శిక్షణలో ఒక ఐసొలేట్‌ను కావాలనే ఇస్తాను: బ్రాత్ మైక్రోడైల్యూషన్‌లో కొలిస్టిన్ ఎంఐసీ (బాక్టీరియా పెరుగుదలను ఆపే కనీస మందు గాఢత) 16, జాబితాలో ఏమీ ఉండదు. మొదటిసారి చాలామంది ఎంఐసీనే తప్పుపడతారు. ఒకరిద్దరు మాత్రం ఎంఐసీని మళ్లీ చేసి, అదే విలువ వచ్చాక, అసెంబ్లీలోకి వెళ్లి ఎంజీఆర్‌బీని వెతుకుతారు. అలా వెతికినవాళ్లు మిగతా శిక్షణను దాదాపు సొంతంగానే పూర్తి చేస్తారు.

దీనికి ఎదురు సందర్భాలూ ఉంటాయి. ఆసుపత్రిలో మెరోపెనెమ్‌కు లొంగని ఐసొలేట్, జీనోమ్‌లో కార్బాపెనెమేజ్ (కార్బాపెనెమ్‌ను నాశనం చేసే ఎంజైమ్) జన్యువు కనిపించదు. ఫ్రీజర్‌లో ఉండి, మందు లేని మాధ్యమం మీద పదేపదే సబ్‌కల్చర్ అయ్యేసరికి ఆ ప్లాస్మిడ్ రాలిపోయి ఉండవచ్చు. కాబట్టి డీఎన్ఏ తీసిన అదే పెంపకం నుంచి సెన్సిటివిటీని మళ్లీ చేయండి. ఆరు నెలల కిందటి విటెక్ యంత్రం ఇచ్చిన సెన్సిటివిటీ రిపోర్టును ఈనాటి జీనోమ్ పక్కన పెట్టి పోల్చడం వల్ల వచ్చే తగవులు చాలా చూశాను. ఎంత నేర్పు వచ్చినా రోగికి ఇచ్చే సెన్సిటివిటీ రిపోర్టు స్థానంలో జీనోమ్ రిపోర్టును పెట్టకూడదు. అది దానికి తోడు మాత్రమే, ప్రధానంగా ఇన్ఫెక్షన్ కంట్రోల్ బృందానికి ఉపయోగపడేది.

ఇన్ఫెక్షన్ కంట్రోల్ అన్నాను కాబట్టి, వ్యాప్తి పరిశోధన గురించి కాస్త వివరంగా చెప్పాలి. మీ యాజమాన్యం ఆశించేది బహుశా ఇదే. ఒక ఆసుపత్రి నవజాత శిశువుల ఐసీయూ నుంచి మూడు వారాల్లో ఏడు క్లెబ్సియెల్లా ఐసొలేట్లు మాకు వచ్చాయి. ఏడింటి యాంటీబయోగ్రామ్ (ఏ మందుకు లొంగుతుందో, ఏ మందుకు లొంగదో చెప్పే పట్టిక) ఒకటే. ఒకే రకం ఒక శిశువు నుంచి మరో శిశువుకు పాకుతోందని అక్కడివారు తీర్మానించుకున్నారు. సీక్వెన్స్ చేస్తే నాలుగు ఎస్‌టీ-147, మూడు ఎస్‌టీ-231. రెండూ ఎప్పుడో విడిపోయిన వంశాలు, అయినా రెండింటిలోనూ ఒకే ఎన్‌డీఎం-5. అంటే పాకుతున్నది బాక్టీరియా ఒక్కటే కాదు, దానిలోని ప్లాస్మిడ్ కూడా వంశం నుంచి వంశానికి దూకుతున్నదేమోనని అనుమానం వచ్చింది. ఆ అనుమానాన్ని పొట్టి రీడ్లతో తేల్చలేకపోయాం.

ఎందుకు తేల్చలేమో తెలుగు పిల్లలకు నేను కీర్తనతో చెబుతాను. ప్రతి చరణం తరవాతా పల్లవి తిరిగి వస్తుంది. కీర్తన రాసిన కాగితాన్ని పల్లవి కన్నా చిన్న ముక్కలుగా చింపితే, ప్రతి ముక్కలోని మాటలూ చదవగలం గానీ, పల్లవి తరవాత ఏ చరణం వచ్చిందో ఎప్పటికీ చెప్పలేం. ముక్క పల్లవి కన్నా పొడవుగా ఉండి, దానికి ముందూ వెనకా ఉన్న చరణాలను కూడా పట్టుకుంటేనే వరస తెలుస్తుంది. ప్లాస్మిడ్లలో ఐఎస్-26 వంటి ఇన్సర్షన్ సీక్వెన్సులు ఆ పల్లవి లాంటివి. ఎనిమిది వందల పైచిలుకు అక్షరాల పొడవున్న అదే భాగం పలుచోట్ల తిరిగి వస్తుంది, 150 అక్షరాల రీడు దాన్ని దాటలేదు, అసెంబ్లీ అక్కడ తెగిపోతుంది. ఆ ఏడింటిలో వంశానికి ఒకటి చొప్పున నానోపోర్‌తో మళ్లీ చదివించాక రెండు ప్లాస్మిడ్లూ ఆసాంతం ఒకటేనని తేలింది. అప్పుడు వార్డువారు శిశువుల మధ్య సంక్రమణను మాత్రమే వెతకడం ఆపి, రెండు వంశాలూ కలిసి నివసించగల చోటు కోసం వెతికి, పాల సీసాలు కడిగే సింకు డ్రెయిన్ దగ్గర ఆగారు. అక్కడి స్వాబ్‌లో రెండు వంశాలూ దొరికాయి.

ఇక్కడే ఇంకో హెచ్చరిక. రెండు ఐసొలేట్ల మధ్య ఎన్ని స్నిప్ తేడాలుంటే (ఒక్కో డీఎన్ఏ అక్షరం తేడాలు) ఒకే వ్యాప్తి అనాలి అని మీ బృందం తప్పక అడుగుతుంది. క్లెబ్సియెల్లాకు ఇరవై, పాతిక అనే హద్దులు పరిశోధనల్లో తరచుగా వాడుతున్నారు. ఆ సంఖ్యను తీర్పులా వాడనివ్వకండి. రిఫరెన్స్ జీనోమ్ మారితే, రీకాంబినేషన్ భాగాలు (ఇతర బాక్టీరియా నుంచి వచ్చి చేరినవి) తీసేస్తే, ఐసొలేట్ల మధ్య ఏడాది గడిస్తే, ఆ సంఖ్య మారుతుంది. రోగి ఏ రోజు ఏ మంచం మీద ఉన్నాడన్న సమాచారం లేకుండా స్నిప్ సంఖ్య ఒక్కటీ ఏదీ నిరూపించదు.

ఆ సమాచారం సరిగ్గా ఉంచుకోవడం కూడా శిక్షణలో భాగమే, కానీ ఎవరూ దీన్ని పాఠంగా పెట్టరు. కల్చర్ తీసిన తేదీ, నమూనా రకం, వార్డు, ఆసుపత్రిలో చేరిన తేదీ, ఈ నాలుగూ లేని జీనోమ్‌తో నిఘాకు ఉపయోగం లేదు. రోగి పేరు, ఆసుపత్రి నంబరు మాత్రం ఆ పట్టికలో ఉండకూడదు. శాంపిల్ పేర్లను 5-11, 3-12 అని రాయనివ్వకండి. ఎక్సెల్ వాటిని మౌనంగా తేదీలుగా మార్చేస్తుంది, రెండు నెలల తరవాత ఏది ఏదో ఎవరికీ తెలియదు. ఈ కారణంగా ఒక బ్యాచ్ మొత్తం పనికిరాకుండా పోవడం నేను చూశాను.

మీ రెండో ప్రశ్నకు వస్తాను. ఒక బయోఇన్ఫర్మాటిక్స్ నిపుణుణ్ణి ఒంటరిగా ఆసుపత్రి ల్యాబులో కూర్చోబెడితే రెండు నష్టాలు. ఆయనకు ప్లేటు తెలియదు, ఆయన వెళ్లిపోయిన రోజున పైప్‌లైన్ ఆగిపోతుంది. బెంగళూరులో అలాంటివారికి ఆసుపత్రి ఇచ్చే జీతం కన్నా మంచి జీతాలు దొరుకుతాయి, కాబట్టి వెళ్లిపోతారు, వారిని తప్పుపట్టడానికి లేదు. సర్వర్ నిర్వహణ, పైప్‌లైన్ మార్పులు, చిక్కుముడి వంశవృక్షాలు, వీటికి మూడు నాలుగు ల్యాబులు కలిసి ఒకరిని పెట్టుకోవడం మేలు. ఈ నగరంలోనే కెంపేగౌడ వైద్య విజ్ఞాన సంస్థ కేంద్ర పరిశోధనాలయం, కొలంబియా, నైజీరియా, ఫిలిప్పీన్స్ ల్యాబులతో కలిసి నిరోధకత మీద జీనోమ్ నిఘా నడిపిన అంతర్జాతీయ బృందంలో మన దేశ భాగస్వామిగా పనిచేసింది. ఆ బృందం నేర్చుకున్నవాళ్లే తిరిగి నేర్పేలా శిక్షకులను తయారుచేయడం మీద దృష్టి పెట్టింది. నాకు ఆ పద్ధతి మీద పూర్తి నమ్మకం. మీ నలుగురిలో మొదట ఇద్దరిని తీసుకోండి. ఆ ఇద్దరూ తరవాతి ఇద్దరికీ నేర్పాలని మొదటి రోజే చెప్పండి. నేర్పవలసి వస్తుందని తెలిసిన మనిషి నోట్స్ రాసుకునే తీరే వేరుగా ఉంటుంది.

ఒక సందర్భంలో మాత్రం ఇదంతా ఇప్పుడే వద్దంటాను. మీ సెన్సిటివిటీ పరీక్షల నాణ్యత ఇంకా కుదురుకోకపోతే, అంటే ఏటీసీసీ 25922 (పరీక్షల తనిఖీకి వాడే ప్రామాణిక ఇ.కోలై) కంట్రోల్ జోన్లు వారం వారం హద్దు దాటుతుంటే, లేదా కొలిస్టిన్‌ను ఇంకా డిస్క్‌తో చేస్తుంటే, డబ్బు ముందు అక్కడ పెట్టండి. జీనోమ్ దేనితో పోల్చి చూడాలో ఆ రిపోర్టే సందేహంగా ఉంటే సీక్వెన్సింగ్ వల్ల గందరగోళం పెరుగుతుంది. సీక్వెన్సర్ కూడా మొదటి ఏడాది కొనకండి. ఏడాదికి రెండు మూడు వందల ఐసొలేట్లకు ఆ యంత్రం, దాని రీఏజెంట్ల గడువు తేదీలు, సర్వీసు ఒప్పందం గిట్టుబాటు కావు. డీఎన్ఏ మీరు తీసి, సీక్వెన్సింగ్ బయట చేయించి, విశ్లేషణ మళ్లీ మీ చేతుల్లోకి తీసుకోండి.

మొదటి బ్యాచ్‌కు పదహారు ఐసొలేట్లు చాలు. వాటిలో పది మీ ఐసీయూ క్లెబ్సియెల్లా, గత మూడు నెలలవి, ఎంఐసీలు మళ్లీ చేసినవి. రెండు మీరే మందులకు లొంగుతాయని నిర్ధారించుకున్నవి. ఒకటి ఏటీసీసీ 25922, ఒకటి ఎన్‌డీఎం-1 ఉన్న ప్రామాణిక క్లెబ్సియెల్లా ఏటీసీసీ బీఏఏ-2146. వీటి జవాబులు ముందే తెలుసు కాబట్టి పైప్‌లైన్ సరిగ్గా నడిచిందో లేదో ఇవే చెబుతాయి. మిగిలిన రెండూ ఒకే ఐసొలేట్‌కు చెందిన రెండు గొట్టాలు, రెండు వేర్వేరు పేర్లతో, ఇద్దరు వేర్వేరుగా డీఎన్ఏ తీసినవి. వాటి సంగతి మీ బృందానికి చెప్పకండి. చివరి వంశవృక్షంలో ఆ రెండూ సున్నా తేడాతో పక్కపక్కన కూర్చున్నాయా, కూర్చుంటే అది ఎందుకని వాళ్లంతట వాళ్లు వచ్చి మిమ్మల్ని అడిగారా అన్నది చూసి, రెండో బ్యాచ్ ఎప్పుడు పంపాలో నిర్ణయించుకోండి.